దయ్యం ఎక్కడ వున్నది? - ‘ఛోరీ’ రెండవ భాగం

దయ్యం పేరు వినగానే ముఖం చిట్లించే అభ్యుదయవాదులతో నాకు పేచీ వున్నది. విశాల్ ఫూరియా హిందీలో తీసిన ‘ఛోరీ’ (2021) చూచినవారికి యీ మాట తెలుస్తుంది. చుట్టూ చెరకుతోట, నడుమ ఒక యిల్లు, అందులో గర్భవతి అయిన సాక్షి, ఆమెను ఆప్యాయంగా ఆదరించే ఒక ముసలామె. ఆడశిశువులను చంపే కుటుంబం అది. తన భర్త ఆ యింటి కొడుకేనని సాక్షికి ఆలస్యంగా తెలుస్తుంది. అందులో దయ్యాలు హంతకులు కావు, హత్యలకు సాక్ష్యం చెప్పేవి.

2025 ఏప్రిల్‌లో ప్రైమ్ వీడియోలో వెలువడిన రెండవ భాగంలో యీ గుణం సన్నగిల్లింది. ఏడేళ్ళు గడిచాయి. సాక్షి కూతురు ఇషానీకి ఎండ పడని జబ్బు. ఆ పిల్లను ఎత్తుకుపోయి నేలకింద సొరంగాలలో ‘ప్రధాన్’ అనే వికృతాకారుడికి సమర్పించబోతారు. నుస్రత్ భరూచా తల్లి ఆరాటాన్ని నిజాయితీగా చూపింది. దాసీమాగా సోహా అలీఖాన్ అంతకంటె బాగుంది.

కాని మొదటి భాగంలో భర్త, అత్త చేసిన పని యిక్కడ ఒక భూతం నెత్తిన పడింది. భూతాన్ని నరకవచ్చు. కట్నాన్ని, కొడుకుకే దక్కాలనే ఆస్తిని నరకటం ఎట్లా? యిది ఉత్తరాదివారి గొడవ అనుకోవటానికి లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరేళ్ళవరకు వయసున్న పిల్లల్లో వెయ్యిమంది మగపిల్లలకు ఆడపిల్లలు 2001లో 961 మంది వుండగా, 2011లో 939కి తగ్గారు. గర్భంలో వున్నది ఆడో మగో పరీక్షించి చెప్పటాన్ని నిషేధించిన చట్టం 1994లోనే వచ్చింది. అయినా తగ్గారు. అందుకు కారకుడు ఏ సొరంగంలో వున్నాడు?

యీ చిత్రాన్ని నేను ముత్తంగిలో, పక్కగదిలో వుండే బీహారు దంపతులతో కలసి చిన్న ఫోనులో చూశాను. భర్త పాశమైలారంలో కూలి, భార్య ప్యాకింగు పని. ప్రధాన్ వికృతరూపం చూచి ఆమె నవ్వేసింది. కాని ఎండ తగలకుండా తల్లి పిల్లను గదిలోనే వుంచే ఘట్టాలలో ఆమె నవ్వలేదు. పగటి షిఫ్టు వున్ననాడు తన పిల్లను గదిలో వుంచి బయట గొళ్ళెం పెట్టి పోతుందామె. ఇంతమంది ఆడవాళ్ళు పనిచేసే చోట శిశుగృహం వుండాలని 1948 నాటి కర్మాగారాల చట్టమే చెప్పింది. ఆమె ఆ మాట ఎన్నడూ వినలేదు.

చిత్రంలో అసలు సొత్తు అదే ననుకుంటాను. ప్రేమతో పిల్లను వెలుతురుకు దూరంగా దాచే తల్లి, ఆచారం పేరిట అదే పిల్లను చీకటిలోకి లాక్కుపోయేవారు: యీ రెండింటినీ ఎదురెదురుగా నిలిపి వుంటే కథ ఎక్కడికో పోయేది. దర్శకుడు అరుపులకూ పరుగులకూ తొందరపడ్డాడు. మన ‘మసూద’ (2022) కూడా చివరకు బాబాలను ఆశ్రయించింది. అయినా భర్తను విడిచి కూతుర్ని పెంచుకునే ఆ ఉపాధ్యాయిని బతుకు తెరమీద కాసేపైనా నిలిచింది. సాక్షి కూడా ఉపాధ్యాయినే. ఆమె జీతమెంతో, పనికి పోతే పిల్లను చూచేదెవరో యీ చిత్రానికి పట్టలేదు.