కాగితపు చుట్టల్లో జానపద ఆకృతులు: ముగ్గు, తోలుబొమ్మల నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
జానపద ఆకృతుల ఆధారంగా క్విల్లింగ్ పద్ధతిలో రూపొందే కాగితపు చిత్రాలు మూలకళ నుంచి దేనిని స్వీకరిస్తున్నాయి, దేనిని విడిచిపెడుతున్నాయి అన్నది ఈ వ్యాసంలోని చర్చనీయాంశం. ఆకారాన్ని అనుకరించడం కన్నా నిర్మాణసూత్రాన్ని గ్రహించడమే ముఖ్యమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: క్విల్లింగ్, ముగ్గు, తోలుబొమ్మ, రాయలసీమ, నిర్మాణసూత్రం.

1. ఉపోద్ఘాతం:
సన్నని కాగితపు పట్టీని చుట్టి, కొంత వదులు చేసి, వేళ్లతో నొక్కి ఆకులాగానో నీటిబొట్టులాగానో మలచి, అంచు పైకి కనిపించేలా అట్టపై అతికించడమే క్విల్లింగ్. ఐరోపాలో క్రైస్తవ సన్యాసినులు బంగారుపూత అంచుల కాగితాలతో ఆరాధనా వస్తువులను ఈ పద్ధతిలో అలంకరించేవారు. ఖరీదైన లోహపు తీగపనికి ఇది కాగితపు ప్రత్యామ్నాయం. కరీంనగర్ వెండి తీగపనిని చూసినవారికి ఈ బంధుత్వం సులభంగా బోధపడుతుంది. నీళ్లబిందె కింద చుట్టకుదురు పెట్టుకొనే మన ఇళ్లకు చుట్టడం, మెలిపెట్టడం కొత్త కాదు. అయినా ఈ మాధ్యమంలోకి వచ్చిన జానపద ఆకృతి ఎంతవరకు జానపదంగా మిగులుతున్నదో పరిశీలించాలి.

2. ముగ్గు - గీత నడక:
'గడప' నుంచే 'కడప' పేరు వచ్చిందని ప్రసిద్ధి. గడప ముందు వేసే మెలికల ముగ్గులో గీత చుక్కను తాకదు. దాని చుట్టూ తిరిగి, తనను తాను దాటుకుంటూ, బయలుదేరిన చోటికే చేరుతుంది. క్విల్లింగ్‌లో ముగ్గు పేరుతో కనిపించే నమూనాల్లో తరచుగా విడివిడి చుట్టలను పూరేకులుగా పేరుస్తారు. చూపుకు అది ముగ్గే. కాని ప్రతి రేకు దగ్గరా గీత తెగిపోయింది. బిగుతైన చిన్న చుట్టలను చుక్కలుగా నిలిపి, వాటి నడుమ ఒకే పట్టీని నడిపించినప్పుడే ముగ్గు సూత్రం నిలుస్తుంది. ఇది శ్రమతో కూడిన పని. పిండిగీత తనను తాను దాటగలదు, నిలబెట్టిన పట్టీ దాటలేదు. దాటవలసిన ప్రతిచోటా సగం ఎత్తు వరకు చీల్చి, ఒకదానిలో ఒకటి కూర్చాలి. మాధ్యమం మూలకళతో నిజంగా తలపడేది ఇక్కడే.

3. తోలుబొమ్మ - రంధ్రం, వెలుగు:
పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలోని పర్వత ప్రకరణంలో శ్రీశైల శివరాత్రి వేడుకలను వర్ణిస్తూ బొమ్మలాటలను ప్రస్తావించాడు. నేడు ఆ కళకు ధర్మవరం సమీపంలోని నిమ్మలకుంట ప్రసిద్ధి పొందిన గ్రామం. ఆ గ్రామ కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ లభించింది. వెలుగు చొరబడేలా పలచబరచిన మేకతోలుపై ఉలితో రంధ్రాలు పొడిచి బొమ్మకు నగలు కల్పిస్తారు. దీపం వెలిగినప్పుడు తెరపై ఆ నగలు మెరుస్తాయి. అంటే అక్కడ ఆభరణం తోలు కాదు, తోలు లేని చోటు. క్విల్లింగ్‌లో ఆ రంధ్రం స్థానంలో చుట్ట వస్తుంది, వెనుక అట్ట వెలుగును అడ్డుకుంటుంది. వృత్తం మిగిలి, వెలుగు పోయింది. అట్టను తొలగించి, చుట్టలను అంచులతో ఒకదానికొకటి అతికించి, వెనుక దీపం పెడితే ఖాళీకి మళ్లీ అర్థం వస్తుంది.

4. ఒక ఆక్షేపణ:
కొత్త మాధ్యమానికి స్వేచ్ఛ ఉండదా అన్న ప్రశ్న సహజం. తప్పక ఉంటుంది. ముగ్గు మరునాటికి చెరిగిపోతుంది, క్విల్లింగ్ చిత్రం అద్దం వెనుక నిలిచిపోతుంది. ఈ భేదాన్ని ఏ నైపుణ్యమూ తొలగించలేదు, తొలగించనవసరమూ లేదు. అయితే భేదాన్ని ఎరిగి చేసిన మార్పు వేరు, ఎరుగక చేసిన నష్టం వేరు.

5. ముగింపు:
• ఆకారసామ్యం ఒక్కటే జానపదత్వానికి ప్రమాణం కాదు.
• ముగ్గులో గీత అఖండతను, తోలుబొమ్మలో రంధ్రాన్ని క్విల్లింగ్ ఎలా ఎదుర్కొన్నదో విమర్శకుడు పరిశీలించాలి.
• 'సంప్రదాయ కళ' అనే సాధారణ నామం మూలకళాకారులను మరుగుపరుస్తుంది. ఆకృతితోపాటు దాని ఊరినీ, వారు దానిని పిలిచే పేరునూ నమోదు చేయాలి. ఆ పేర్లను సేకరించడం తెలుగు పరిశోధకుల బాధ్యత.