పైనా నిప్పు, కిందా నిప్పు

గోదావరి జిల్లాల తీపికి పేరు తక్కువేమీ లేదు. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు దక్కింది. మడత కాజాల తాపేశ్వరం 2016లో 29,465 కిలోల లడ్డూ కట్టి గిన్నిస్ పుస్తకంలోకెక్కింది. సంతోషం! కాదనేవాణ్ణి కాను. అయితే అవి అమ్మకానికి చేసేవి. బిరుదులు వాటిని వెతుక్కుంటూ వస్తాయి. ఏ బిరుదూ లేకుండా ఇంటి ఆడవాళ్ల చేతుల్లో పెరిగిన వంటలు రెండున్నాయి. ఒకటి మినప రొట్టె, దిబ్బరొట్టె అని మీరు ముద్దుగా పిలుచుకునేదే. రెండోది తాటి రొట్టె. డెల్టా వంటలో అసలు పనితనం చూడాలంటే ఈ రెండింటి దగ్గరే చూడాలని నా వాదన. వండేవాణ్ణి కాను, తినేవాణ్ణి. కాబట్టి పొగడడానికి నాకు మొహమాటం లేదు.

కాల్చాలంటే ఓవెన్ ఉండాలి గదా అంటారు. ఫ్రెంచివాళ్లు 1954 దాకా పక్కనే యానాంలో ఉన్నారు. డచ్చివాళ్లు అంతకు ముందెప్పుడో పాలకొల్లులో వర్తకం చేశారు. అయినా మన ఇళ్లలోకి ఓవెన్ రాలేదు, రావలసిన అవసరం లేకపోయింది. మందపాటి ఇనప మూకుడో, కళాయి వేసిన ఇత్తడి గిన్నో ఉంటుంది. కింద కుంపట్లో నిప్పులు, పైన మూత, మూత మీద మళ్లీ నిప్పులు. అంతే! పడమటి దేశాలవాళ్లు ఇదే పనికి పోత ఇనప గిన్నె చేసుకుని డచ్ ఓవెన్ అన్నారు. పాలకొల్లులో డచ్చివాళ్లు ఉన్నారు కాబట్టి ఈ విద్య వాళ్లు నేర్పిందేనని ఎవరైనా అంటే మాత్రం నాతో పేచీయే. నిప్పూ మూతా ఓపికా ఉన్నచోట ఇంకొకళ్లు వచ్చి నేర్పక్కర్లేదు.

ముందు మినప రొట్టె సంగతి. సోల మినప్పప్పుకి తవ్వ బియ్యపు రవ్వ. పప్పు నాలుగైదు గంటలు నానాలి. రోట్లో నీళ్లు చిలకరిస్తూ, గారెల పిండికంటే ఒక్క పిసరు జారుగా రుబ్బాలి. చిటికెడు పిండి తీసి నీళ్ల గిన్నెలో వేస్తే తేలాలి. రహస్యమంతా ఆ తేలడంలోనే ఉంది. మినప్పప్పులోని జిగురు, రుబ్బుతున్నంతసేపూ గాలిని పట్టి దాచుకుంటుంది. మఫిన్‌లో వంటసోడా చేసే పని ఇక్కడ రుబ్బురోలు చేస్తుందన్నమాట. రవ్వని కడిగి, నీళ్లు గట్టిగా పిండేసి, ఉప్పూ జీలకర్రా వేసి కలపాలి. మూకుట్లో నూనె ధారాళంగా పోసి, కాగాక పిండిని రెండంగుళాల మందాన సర్ది మూత పెట్టాలి.

ఇక్కణ్ణుంచి చేతిపని అయిపోయి చెవిపని మొదలవుతుంది. మా మామ్మ మూత తీసి చూసేది కాదు. చూస్తే ఆవిరి పోతుంది, ఆవిరి పోతే లోపల గట్టిపడుతుంది. చెవి వొగ్గి వినేది. మొదట్లో సుయ్‌మనే చప్పుడు, పిండిలో తడి తగ్గేకొద్దీ చిటపటలు, ఆ తరవాత చప్పుడు మందగించి కమ్మటి వాసన. ఆ వాసన రాగానే కింద నిప్పులు లాగేసి పైనవి ఉంచేది. కొత్తవాళ్లంతా తప్పేది ఇక్కడే. కింద నిప్పు ఎక్కువేసి అడుగు మాడ్చి, పైన పచ్చిగా వదిలేస్తారు. కింద ఒకవంతు ఉంటే పైన రెండొంతులుండాలి. కొబ్బరి చిప్పల నిప్పయితే సెగ జోరు, మూత మీద పలచగా పరవాలి. అరగంట పైమాటే పడుతుంది. పైనా కిందా ఎర్రటి పెచ్చు కట్టి, మధ్యలో దూదిలా మెత్తగా ఉండే ఆ రొట్టెని ముక్కలు కోస్తుంటే, అడుగు పెచ్చు కోసం కొట్టుకోని పిల్లలు మా ఇంట్లో పుట్టలేదు.

దేంతో తినాలన్నది పెద్ద తగువు. అల్లప్పచ్చడి అంటారు కొందరు, కొత్తావకాయ అంటారు ఇంకొందరు. నేను చెరుకు పానకం పార్టీ. బెల్లం గట్టిపడకముందు దింపిన చిక్కటి పానకంలో ఆ వేడి పెచ్చు ముంచి తిన్నవాడు పార్టీ మారడు.

తాటి రొట్టెకి ఇంకా ఎక్కువ ఓపిక కావాలి, ఎందుకంటే కాలం కూడా కలిసిరావాలి. శ్రావణ భాద్రపదాల్లో పండు దానంతటది రాలాలి. తొక్క ఒలిచి, టెంకల మీద కాసిని నీళ్లు చిలకరించి, బోర్లించిన వెదురు బుట్ట మీద రాస్తే పేసం, అంటే గుజ్జు, దిగుతుంది. ఒక్క పీచు రాకూడదు. కొన్ని పండ్లు చేదు. అందుకే తెలిసినవాళ్లు ప్రతి పండు పేసాన్నీ విడిగా నాలిక మీద పెట్టి చూసి గాని కలపరు. ఒక్క చేదు పండు చాలు గిన్నెడు పిండిని పాడుచెయ్యడానికి. రెండు గ్లాసుల పేసానికి గ్లాసున్నర బియ్యపు రవ్వ, గ్లాసు బెల్లం, గుప్పెడు కొబ్బరి కోరు, ఏలకుల పొడి. రవ్వ ఆ పేసాన్ని తాగేదాకా రెండు మూడు గంటలు దాని జోలికి పోకూడదు. తరవాత నెయ్యి రాసిన గిన్నెలో అరిటాకు పరిచి, పిండి వేసి, పైనా కిందా సన్నసెగ. చల్లారాక కొయ్యాలి. ఆత్రపడి వేడిమీద కోస్తే ముద్దవుతుంది. మిగిలిన టెంకల్ని పాతరేస్తే సంక్రాంతి నాటికి తేగలు. ఒక్క పండుతో రెండు కాలాల తిండి సంపాదించిన ఆ ఇల్లాళ్ల తెలివికి ఏ వంటల కాలేజీ పట్టా ఇస్తుంది?

కొలతలు చెప్పాను గానీ వాటిని రాతగా పట్టుకోకండి. తాటిపండు దొరకని నెలల్లో మాగిన అరటిపండు పిసికి ఇదే రొట్టె కాల్చిన ఇల్లాళ్లున్నారు. రవ్వ చాలకపోతే నూకలు విసిరి కలిపినవాళ్లున్నారు. పిండి జారైపోతే గుప్పెడు అటుకులు పడేసి గట్టెక్కించినవాళ్లున్నారు. కోనసీమవాళ్లయితే గిన్నె కూడా మార్చేశారు. పనసాకుల్ని పుల్లలతో గుచ్చి బుట్ట కట్టి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి పట్టారు. అంబాజీపేట పొట్టిక్కలు అవే. మఫిన్ కప్పు కాగితంతో చేస్తే వాసనుండదు; పనసాకు బుట్ట తన వాసన ఉడికేదానికి ఇస్తుంది. ఇన్ని మార్చినవాళ్లు మార్చనివి మాత్రం కొన్నే: పప్పు రుబ్బిన తీరు, రవ్వ నానిన సమయం, సెగ సన్నదనం. మార్చదగినదేదో, మార్చకూడనిదేదో తెలిస్తేనే వంట వచ్చినట్టు. మిగతాది కాగితం మీద ఎవరైనా రాస్తారు.

ఈ విద్య పాతవాళ్లతో పోయిందనుకోను. మా బంధువుల్లో ఒక అమ్మాయి రాజమండ్రిలో ఉంటుంది. నిమ్మ మఫిన్లు కాలుస్తుంది. ఏలూరు నిమ్మ మార్కెట్టు ఉండగా నిమ్మకాయలకేం కరువు? కాయ తొక్క మీద పసుపు పొర వరకే తురుముతుంది. కింది తెల్లపొర తగిలితే చేదని తెలుసు. నిమ్మరసం సోడాకి తగిలీ తగలగానే బుడగలు మొదలవుతాయి, అందుకని రసం ఆఖర్న కలిపి వెంటనే పొయ్యెక్కిస్తుంది. నిమ్మ లేనిరోజు దబ్బకాయ, పాలు లేనిరోజు కొబ్బరిపాలు, మైదా వద్దనుకున్నరోజు బొంబాయి రవ్వ. ఓవెన్ లేదు. పాత కుక్కర్లో ఇసక పోసి, రబ్బరూ విజిలూ తీసేసి కాలుస్తుంది. తడిపిన పనసాకు బుట్టల్లో కూడా ఒకసారి కాల్చి పెట్టింది. ఆకు అంచులు నల్లబడ్డాయి గానీ ఆ వాసనకి దబ్బ తొక్క ఘాటు తోడై, నాకు మాట రాలేదు. విలాయతీ వంటే కావచ్చు, చెయ్యి మాత్రం మా మామ్మదే.

నా కోపమంతా వేరేవాళ్ల మీద. పొద్దున మిగిలిన ఇడ్లీ పిండిలో సోడా గుమ్మరించి, పల్చటి నాన్‌స్టిక్ పెనం మీద ఐదు నిమిషాల్లో వేలెడు మందాన ఎత్తి, దిబ్బరొట్టె అని బోర్డు రాసే టిఫిన్ సెంటర్లు ఉన్నాయే, వాటిమీద. పాలకొల్లులో ఇప్పటికీ బొగ్గుల మీద కాల్చే పాత హోటలు చూసినవాడికి ఆ బోర్డు చూస్తే ఒళ్లు మండదా? బేకరీల్లో ఆరెంజి కేకు సంగతి సరేసరి. అందులో రంగుంది, ఎసెన్సుంది, కమలాపండు ఒక్కటే లేదు. తాటిచెట్ల గతి ఇంకా ఘోరం. చేపల చెరువులకి గట్లు వేస్తూ కొన్ని కొట్టేశారు, ఇటుక బట్టీల్లోకి కొన్ని పోయాయి. పండు రాలే చెట్టే లేకపోతే పేసం ఎక్కణ్ణుంచి వస్తుంది? కొట్టేసిన చెట్టుకి బదులు టెంక పాతితే మళ్లీ కాపు చూడ్డానికి పన్నెండు పదిహేనేళ్లు పడుతుందండీ, చెరువు తవ్వడానికి వారం చాలు.

అపార్టుమెంట్లలో నిప్పులెక్కడివి అంటారా? ఆయ్, దారి ఉంది. అట్లపెనాన్ని ఇంకో పొయ్యి మీద ఎర్రగా కాల్చి మూత మీద పెట్టండి. చల్లారాక మళ్లీ కాల్చి పెట్టండి. అదే పైనిప్పు. అదీ కుదరకపోతే ఆ రాజమండ్రి అమ్మాయి కుక్కరుంది. సాకులకి మాత్రం చోటు లేదు. హోటళ్లవాళ్లకి ఒకటే మాట: రోజుకి పది రొట్టెలే కాల్చండి, అయిపోయాయని చెప్పండి, మేం రేపు వస్తాం. ఆహార పండగలు పెట్టే అధికారులు కాజాల పక్కన తాటి రొట్టెకీ ఒక బల్ల వెయ్యాలి. కాల్చేవాళ్లని పిలిచి, వాళ్ల పేరు పైన రాసి, పనికి డబ్బివ్వాలి. కాలవగట్ల మీద మొక్కలు నాటే కార్యక్రమాల్లో తాటి టెంకలకి చోటివ్వాలి.

రొట్టెకీ భౌగోళిక గుర్తింపు తెద్దామని మిత్రులు అంటున్నారు. తెండి, సంతోషం. ఆ కాగితం చెన్నైలో ఉన్న కార్యాలయం ఇస్తుంది. రొట్టె మాత్రం మన వంటింట్లోనే కాలాలి. అక్కడ కాల్చేవాళ్లు లేకపోయాక, కాగితం పటం కట్టించి ఏ గోడకి తగిలిస్తారు?