మొదటి వరస

ఈ వారం పేపర్లో ఒక జిల్లా సమీక్ష వార్త చదివి కాఫీ చల్లారబెట్టుకున్నాను. సిజేరియన్ల శాతం ఎక్కువున్న ఆసుపత్రులకు మొట్టికాయలు, తక్కువున్నవాటికి శాలువాలు. శాలువా అందుకున్నది ఒక పీహెచ్‌సీ. అక్కడ ఆపరేషన్ థియేటరే లేదు! బీపీ పెరిగినా, బిడ్డ అడ్డం తిరిగినా, ఉమ్మనీరు పచ్చగా పోయినా 108 ఎక్కించి పెద్దాసుపత్రికి పంపేస్తారు. పంపడం తప్పు కాదు, వాళ్లు చేయాల్సిన పనే అది. కోత మాత్రం పెద్దాసుపత్రి ఖాతాలో పడుతుంది, మొట్టికాయతో సహా.

‘మళ్లీ మొదలెట్టింది డాక్టరమ్మ, రిజిస్టర్ల గోల’ అనుకుంటున్నారు కదూ. అనుకోండి. 1985లో బ్రెజిల్‌లో జరిగిన ప్రపంచ ఆరోగ్య సంస్థ సమావేశం 10 నుంచి 15 శాతం చాలంది. అది ఒక ప్రాంతంలోని కాన్పులన్నిటికీ కలిపి చెప్పిన మాట. దాన్ని తీసుకొచ్చి రెఫరల్ ఆసుపత్రి గోడకు మేకు కొట్టి తగిలించడం మనవాళ్ల తెలివి. ఫలానా శాతం కోసం తాపత్రయపడకండి, అవసరమైన ప్రతి తల్లికీ ఆపరేషన్ అందేలా చూడండి అని 2015లో ఆ సంస్థే చెప్పింది. ఆసుపత్రుల్ని పోల్చాలంటే రాబ్సన్ పట్టిక వాడమంది.

డబ్లిన్ డాక్టర్ మైఖేల్ రాబ్సన్ 2001లో ఇచ్చిన పది వరసల పట్టిక అది. తొలిచూలా, వెనక సిజేరియన్ ఉందా, ఎన్ని వారాలు, నొప్పులు వాటంతటవే వచ్చాయా, బిడ్డ తల కిందికుందా ఎదురుకాళ్లా అడ్డమా, ఒక్కరా కవలలా. ఇంతే అడుగుతుంది. ప్రతి తల్లీ ఏదో ఒక వరసలోనే పడుతుంది. కోత ఎందుకు కోశారని అడగదు, నాకు నచ్చిందదే. ‘బిడ్డ గుండె తగ్గింది’ అని ఆపరేషన్ అయ్యాక తీరిగ్గా కూడా రాయొచ్చు మరి. దొంగలెక్కలూ ఇట్టే దొరికిపోతాయి. అడ్డం బిడ్డలది తొమ్మిదో వరస. అక్కడ కోతలు దాదాపు నూటికి నూరు లేకపోతే పట్టిక నింపినవారు కునుకు తీశారన్నమాట. వెనక కోత లేకుండా, నొప్పులు వాటంతటవే వచ్చిన మలిచూలు తల్లులది మూడో వరస. అక్కడ కోతలు ఎక్కువ కనిపిస్తే డాక్టరుకంటే ముందు, పాత కుట్లున్నవాళ్లను అందులో కలిపేసిన చేతిని అనుమానించాలి.

కాబట్టి హై రిస్క్ ఆసుపత్రి జోలికి పోకండి అని ముగించేదాన్నే, మా హెడ్ సిస్టర్ గుర్తుకు రాకపోతే.

నేను పనిచేసిన ఒక రెఫరల్ ఆసుపత్రి లేబర్ రూమ్‌లో ఆవిడది పొడవాటి బౌండు రిజిస్టరు. నార్మల్‌కి నీలం సిరా, సిజేరియన్‌కి ఎర్ర సిరా. డ్యూటీ డాక్టరు కారణం చెబితే రాసేది. నసిగితే పెన్ను గాల్లోనే ఆపి, ‘ఏమని రాయమంటారమ్మా?’ అని నిలబడేది. ఆ ప్రశ్నకి పీజీ పిల్లలు హడలిపోయేవారు. ఆ పేజీల్లో ఎరుపు చూసి, గుర్రపు వాతం కేసులో, మాయ కిందికున్నవాళ్లో అనుకుంటాం. ఒక్కో లైనూ చదివితే కథ వేరు. తొలిచూలు, నెలలు నిండాయి, తల కిందికే ఉంది, నొప్పులు వాటంతటవే వచ్చాయి. అచ్చంగా మొదటి వరస. కారణం గడిలో ‘ప్రోగ్రెస్ లేదు’. టైము చూస్తే అర్ధరాత్రికి కాస్త ముందు.

బద్ధకమనకండి. థియేటర్ ఒక్కటే, ఇప్పుడు ఖాళీగా ఉంది. ఇంకో గంటలో ఫిట్స్‌తో ఒకామె, మాయ విడిపోయి ఇంకొకామె దిగితే తెల్లారేదాకా దొరకదు. అప్పుడు ఈ పిల్లకి బిడ్డ గుండె తగ్గితే? అందుకని ఇప్పుడే చేసేద్దాం. ఆ రాత్రికి ఆ ఆలోచనను తప్పుపట్టలేం. పక్కమంచం ప్రమాదానికి ఈమెకు కోత పడింది, అంతే. మలి కాన్పుకి ఈమే ఐదో వరసలో, అంటే పాత కుట్ల వరసలో వచ్చి నిలబడుతుంది. ఆ కుట్లమీద మాయ అతుక్కుపోతే బ్లడ్ బ్యాంకుకి పరుగులు. ఈ హై రిస్క్‌ని ఏ పీహెచ్‌సీ పంపలేదు. మనమే తయారుచేసుకున్నాం.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు, దేశంలోకెల్లా ఎక్కువ. ప్రైవేటులో 81.5, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5. ముహూర్తం చూసి చేయించుకునే కోతల్ని ఇదివరకు ఎన్నోసార్లు తిట్టాను. ఈసారికి వదిలేస్తున్నా. ముహూర్తం పెట్టించుకునే ఇంటి కోడలు ఆ ఒక్క థియేటర్ ముందు వంతు కోసం కాచుకుని ఉండదు.

అందుకే పెద్దాసుపత్రినే గట్టిగా నిలదీయమంటున్నాను. మొత్తం శాతం పక్కనపెట్టి మొదటి వరస అడగండి. అక్కడ 10 శాతం లోపు సాధ్యమేనని రాబ్సన్ చెప్పాడు. దాని పక్కనే, ఆ వరసలో ఊపిరందక నవజాత శిశువుల వార్డుకు వెళ్లిన బిడ్డలెందరో ఇంకో గడిలో రాయించండి. లేకపోతే శాలువా కోసం ఆపరేషన్ ఆలస్యం చేసే ప్రబుద్ధులు పుట్టుకొస్తారు. మూడో గడి నా సొంతం: ఆపరేషన్ నిర్ణయించిన టైమెంత, అప్పటికి థియేటర్ కోసం ఎందరు కాచుకున్నారు? ఈ గడి నాలుగు నెలలు నిండితే చాలు, తర్వాతి సమీక్షకి కలెక్టరుగారు రెండో థియేటర్ ఫైలూ, మిడ్‌వైఫ్ పోస్టుల ఫైలూ ఎక్కడ ఆగాయో కనుక్కుని రావాల్సి ఉంటుంది.