పోలిష్ మాటను చివరి నుంచి చదవడం

పోలిష్ మాటలో ఎన్ని అచ్చులు వినిపిస్తే అన్నే సిలబుల్స్ ఉంటాయి. సిలబుల్ అంటే ఒక అచ్చును ఆధారం చేసుకొని ఒక్క ఊపులో పలికే ధ్వనుల గుంపు. సూత్రం ఇంత సులువైనదైనా కొత్తవారు తడబడడానికి కారణం లిపి, ఎందుకంటే లాటిన్ వర్ణమాలలో అక్షరాలు లేని ధ్వనులను పోలిష్ రెండేసి అక్షరాలను జతచేసి రాస్తుంది: ఎస్, జెడ్ కలిస్తే 'ష'; సి, జెడ్ కలిస్తే 'చ'; ఆర్, జెడ్ కలిస్తే సాధారణంగా 'మెజర్' అనే ఇంగ్లిషు మాట నడుమ వినిపించే ధ్వని. ఈ చివరిదానికి తెలుగులో అక్షరం లేదు కనుక ఇక్కడ 'ఝ' అని గుర్తు పెట్టుకోవచ్చు. పెంకుపురుగుకు పోలిష్‌లో ఉన్న పేరును తొమ్మిది అక్షరాలతో రాస్తారు. అందులో అచ్చు ఒక్కటే కాబట్టి అది 'హ్షొఁష్చ్' అనే ఒకే సిలబుల్.

1970లో విడుదలైన ఒక పోలిష్ హాస్యచిత్రంలో కథానాయకుడు జర్మన్ల విచారణలో చెప్పే కల్పిత ఇంటిపేరు, వారు రాసుకోలేక అవస్థపడే పేరు, 19 అక్షరాలది. విడదీస్తే అది బ్ఝెన్-చి-ష్చి-క్యె-విచ్, అయిదే సిలబుల్స్. 'క్యె'లో 'ఇ'గా చదవాలనిపించే అక్షరం అక్కడ అచ్చు కాదు, నాలుక నడిమి భాగాన్ని అంగిటి వైపు లేపి హల్లును మృదువుగా పలకమని చెప్పే గుర్తు మాత్రమే. దానిని అచ్చుగా లెక్కిస్తే మాట ఆరు ముక్కలై నడక చెడుతుంది.

ఇటువంటి మాటను సాధన చేయడానికి అన్నిటికంటే మేలైన పద్ధతి చివరి నుంచి మొదలుపెట్టడం: ముందు 'విచ్', తరువాత 'క్యెవిచ్', ఆపైన 'ష్చిక్యెవిచ్'. పోలిష్‌లో ఊనిక, అంటే ఒక సిలబుల్‌ను మిగతావాటికంటే బలంగా పలకడం, సాధారణంగా చివరి నుంచి రెండో సిలబుల్ మీద పడుతుంది కనుక, మొదటి నుంచి కూడబలుక్కునేవారికి ఒక్కొక్క ముక్క చేరినప్పుడల్లా ఊనిక చోటు మారిపోతుంది; చివరి నుంచి కూర్చుకునేవారికి 'క్యె' మీద పడిన ఊనిక మాట పూర్తయ్యేదాకా అక్కడే నిలుస్తుంది. గణితాన్ని చెప్పే 'మతెమతిక' వంటి పరభాషా పదాలలో మాత్రం ప్రామాణిక ఉచ్చారణ ఊనికను ఇంకొక సిలబుల్ వెనక్కి జరుపుతుంది.

జంటాక్షరాలను గుడ్డిగా నమ్మడమూ ప్రమాదమే. చలికి గడ్డకట్టడాన్ని చెప్పే 'మర్-జ్నొంచ్'లో ఆర్, జెడ్ పక్కపక్కనే ఉన్నా రెండూ విడివిడిగా పలుకుతాయి, విభజన కూడా వాటి మధ్యనే జరుగుతుంది. 'ఆటో'కు పోలిష్ రూపమైన 'అవ్-తొ'లో ఒకే సిలబుల్‌గా కలిసే ఎ, యు అక్షరాలు, చదువును, శాస్త్రాన్ని చెప్పే 'న-ఉ-క'లో రెండు సిలబుల్స్ అవుతాయి. మాట తెలియకుండా నియమం ఒక్కటే పట్టుకొని ఇక్కడ గట్టెక్కడం సాధ్యం కాదు.

పంక్తి చివర మాటను విరిచి రాసే విషయంలో పోలిష్ ఉదారమైనది: అక్కచెల్లెళ్లను చెప్పే మాటను శొ-స్త్ర, శొస్-త్ర, శొస్త్-ర అని మూడు విధాలా విరవవచ్చు. పలుకును సాధన చేసేటప్పుడు మాత్రం మొదటిదే ఎంచుకోదగినది. సంయుక్తాక్షరాన్ని తరువాతి అచ్చుతో కలిపి రాసే అలవాటు తెలుగు పాఠకుడికి ముందే ఉంది కాబట్టి 'స్త్ర' అతనికి కష్టమనిపించదు.