యూనిట్ - 14 : ఊహాలోకంలో కల్పిత జీవి – 'డ్యూన్' నవలలో ఇసుకపురుగు

14.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు:
• ఊహాలోక రచనల్లో కల్పిత జీవి నిర్వహించే పాత్రను వివరించగలుగుతారు.
• 'డ్యూన్' నవలలోని ఇసుకపురుగు జీవితచక్రాన్ని, ఆ లోకంలోని వ్యాపారం, మతం, రాజకీయాలతో దానికున్న సంబంధాన్ని చెప్పగలుగుతారు.
• ఈ కల్పనలోని బలాన్ని, పరిమితులను సొంతంగా అంచనా వేయగలుగుతారు.

14.1 పరిచయం

జంతువులు పాత్రలుగా వచ్చే కథలు మనకు కొత్త కావు. పరవస్తు చిన్నయసూరి 'నీతిచంద్రిక' (1853)లోని పింగళకుడనే సింహం, సంజీవకుడనే ఎద్దు, కరటక దమనకులనే నక్కలు మీకు పరిచయమే. ఆ కథలో సింహం స్థానంలో రాజును, నక్కల స్థానంలో కొలువులోని మంత్రులను పెట్టి చూడండి. మిత్రభేదం కథ దాదాపు అలాగే నడుస్తుంది. అక్కడ జంతువు మనిషి స్వభావానికి వేసిన వేషం.

ఈ యూనిట్‌లో మనం చూడబోయే జీవి వేరే రకానికి చెందినది. లోకంలో ఎక్కడా లేని ఒక జీవిని రచయిత కల్పించి, తన కథాలోకంలోని గాలి, నీరు, వ్యాపారం, మతం అన్నీ దాని మీద ఆధారపడేలా అమర్చాడు. దాన్ని తీసివేస్తే కథే కాదు, కథ జరిగే చోటు కూడా మిగలదు.

'డ్యూన్'ను సాధారణంగా వైజ్ఞానిక కల్పన కింద లెక్కిస్తారు. అయితే రాజవంశాలు, జోస్యాలు, కత్తియుద్ధాలు ఉన్న ఈ నవల అద్భుత కథలకు కూడా దగ్గరగా ఉంటుంది. అందువల్ల ఊహాలోక నిర్మాణాన్ని అధ్యయనం చేయడానికి ఇది అనువైన ఉదాహరణ. ఈ నవల ఆధారంగా వచ్చిన సినిమాల్లో ఇసుకపురుగు ఆకారమే ముందుగా మనసుకు హత్తుకుంటుంది. నవల చదివేటప్పుడు మాత్రం దాన్ని భయపెట్టే మృగంగానే చూసి వదిలేయకూడదు. ఒక మంచి కల నెరవేరాలంటే చెల్లించాల్సిన మూల్యం ఏమిటో ఆ జీవి చూపిస్తుంది. ఈ యూనిట్‌లో మనం నిరూపించదలచుకున్న విషయం ఇదే.

14.2 రచయిత, రచనా నేపథ్యం

ఫ్రాంక్ హెర్బర్ట్ (1920–1986) అమెరికన్ రచయిత, పాత్రికేయుడు. 1950ల చివరలో ఆయన ఒరెగాన్ రాష్ట్రంలోని ఫ్లోరెన్స్ అనే తీరప్రాంతపు ఊరికి వెళ్లాడు. అక్కడ ఇసుకతిన్నెలు గాలికి జరుగుతూ వచ్చి రోడ్లను, కట్టడాలను ముంచేసేవి. గడ్డి నాటి ఆ ఇసుకను కదలకుండా నిలిపే పనిని అమెరికా వ్యవసాయ శాఖ చేపట్టింది. దాని మీద హెర్బర్ట్ రాయదలచిన వ్యాసం అచ్చు కాలేదు. కానీ ఆ పరిశీలనే ఆయనను ఎడారుల అధ్యయనం వైపు నడిపింది.

ఆ అధ్యయన ఫలితమైన కథ 1963–65 మధ్య 'అనలాగ్' పత్రికలో ధారావాహికగా, 1965లో 'డ్యూన్' పేరుతో పుస్తకంగా వెలువడింది. దానికి హ్యూగో, నెబ్యులా పురస్కారాలు లభించాయి. నవలను రచయిత పొడినేలల పర్యావరణ శాస్త్రజ్ఞులకు అంకితం చేశాడు. ఈ అంకితాన్ని గుర్తుపెట్టుకోండి. మనిషి ఒక నేలను మార్చబూనితే ఏమవుతుందన్న ప్రశ్న మొదటినుంచీ రచయిత మనసులో ఉందని ఇది తెలుపుతుంది.

14.3 జీవి నిర్మాణం

కథ జరిగే అరాకిస్ ఒక ఎడారి గ్రహం. అక్కడి ఎడారివాసులు ఫ్రెమెన్‌లు. ఒంట్లోనుంచి పోయే తేమను కూడా వడకట్టి మళ్లీ తాగునీరుగా మార్చే దుస్తులు వేసుకుని బతుకుతారు. ఆ ఇసుకలో తిరిగే పురుగు నాలుగు వందల మీటర్ల పొడవు వరకూ పెరుగుతుంది. ఎడారి లోపలి భాగాల్లో అంతకన్నా పెద్దవి కూడా ఉంటాయి.

పేరు గురించి ఒక మాట. తెలుగులో 'పురుగు' అనగానే చిన్న ప్రాణి గుర్తుకొస్తుంది. 'పురుగూ పుట్రా' అంటాం. ఇంగ్లీషులో ఈ జీవికి వాడిన మాటకు పాతకాలంలో సర్పం, డ్రాగన్ అనే అర్థాలు కూడా ఉండేవి. మూలంలోని పేరులో కొంచెం వినిపించే ఆ భయం తెలుగు పేరులో వినిపించదు. చదివేటప్పుడు ఈ తేడాను మనసులో ఉంచుకోవాలి.

లయబద్ధమైన కదలిక ఎక్కడ వినిపిస్తే అక్కడికి పురుగు వస్తుంది. అందుకే ఫ్రెమెన్‌లు ఇసుక మీద అడుగులు ఒక తీరుగా పడకుండా నడుస్తారు. కావాలని పిలవాలంటే ఇసుకలో ఒక కొయ్యలాంటి పరికరాన్ని గుచ్చి, అది ఆగకుండా నేలను కొట్టేలా అమరుస్తారు. పురుగు పైకి రాగానే దాని ఒంటి కట్టును కొక్కేలతో పైకెత్తి పట్టుకుంటారు. లోపలి మెత్తని భాగానికి ఇసుక తగలకూడదని అది కిందికి దిగదు. అలా దాని వీపు మీద ప్రయాణం చేస్తారు.

ఈ జీవితచక్రాన్ని క్రమంగా చూద్దాం:

1. ఇసుక లోతుల్లో 'ఇసుకచేపలు' అనే చిన్న జీవులుంటాయి. ఇవి పురుగుకు పిల్లదశ. దొరికిన నీటిని చుట్టుముట్టి బంధిస్తాయి. గ్రహం ఎండిపోయి ఉండటానికి కారణం ఇవే.
2. వాటి విసర్జన ఆ నీటితో కలిసి బూజులా పెరుగుతుంది. అందులో వాయువు నిండి, చివరకు పేలుతుంది. పైకెగజిమ్మిన ఆ పదార్థం ఎండకు, గాలికి 'మెలాంజ్' అనే సుగంధద్రవ్యంగా మారుతుంది.
3. పేలుడులో చాలా ఇసుకచేపలు చనిపోతాయి. మిగిలినవి ఆరేళ్ల సుప్తావస్థ తరువాత చిన్న ఇసుకపురుగులుగా బయటికి వస్తాయి.
4. ఇసుకలోని సూక్ష్మజీవులు మెలాంజ్ ఆనవాళ్లను తింటాయి. ఆ సూక్ష్మజీవులను పురుగు తింటుంది. తప్పించుకున్నవి పెరిగి మళ్లీ ఇసుకచేపలవుతాయి.
5. పురుగు శరీరంలో జరిగే రసాయనచర్యల వల్ల ఆక్సిజన్ వెలువడుతుంది. పచ్చదనం లేని ఆ గ్రహంలో మనుషులు పీల్చే గాలి అదే.

పిల్లదశలో నీటిని బంధించే ఈ జీవికి పెద్దయ్యాక నీరే విషం. నవలలోని సంఘర్షణ అంతా ఈ ఒక్క లక్షణం నుంచి పుడుతుంది.

మీ అవగాహనను పరీక్షించుకోండి
అరాకిస్ ఎడారిగా ఉండటానికి, అక్కడ మనుషులు బతకగలగడానికి ఒకే జీవి ఎలా కారణమైంది? నాలుగు వాక్యాల్లో రాయండి.

14.4 కథాలోకంలో ఇసుకపురుగు పాత్ర

వ్యాపారం: మెలాంజ్ ఆయుష్షును పెంచుతుంది. నక్షత్రాల మధ్య ఓడలు నడిపేవారికి దారి కనిపించాలంటే అది కావాలి. అది ఆగితే సామ్రాజ్యంలో రాకపోకలు ఆగుతాయి. దాన్ని తవ్వే యంత్రాల చప్పుడుకు పురుగు వస్తుంది కాబట్టి తవ్వకందారులకు అది ఒక ప్రమాదం మాత్రమే.

మతం: ఫ్రెమెన్‌లకు అది 'షాయ్-హులూద్', అంటే దైవం. దాని పంటితో చేసిన కత్తి వారికి పవిత్రం. చిన్న పురుగును నీటిలో ముంచి చంపినప్పుడు వచ్చే విషద్రవాన్ని 'జీవజలం' అంటారు. వారి మతకర్మలో దానికి ముఖ్యస్థానం ఉంది.

రాజకీయం: కథానాయకుడు పాల్ అట్రీడిస్ పురుగునెక్కి స్వారీ చేశాకే ఫ్రెమెన్‌లలో పూర్తిగా ఒకడవుతాడు. నవల చివర అతను చక్రవర్తిని ఓడించడానికి సైన్యం ఒక్కటే సరిపోదు. మెలాంజ్ పుట్టే చక్రాన్నే తెంచగలనని బెదిరించినప్పుడు అందరూ లొంగుతారు.

ఒకే జీవిని ఎందరు ఎన్ని రకాలుగా చూస్తున్నారో గమనించండి. బయటివారికి మెలాంజ్ విలువ తెలుసు. దాని పుట్టుక తెలియదు. తవ్వకందారుకు ప్రమాదం తెలుసు. భక్తుడికి దైవం తెలుసు. మొత్తం చక్రం తెలిసినవాడి చేతికి అధికారం వస్తుంది. రచయిత జీవిని ఇంత వివరంగా నిర్మించడానికి ప్రయోజనం ఇక్కడ కనిపిస్తుంది: జీవశాస్త్రమే కథలో మలుపుగా మారింది.

14.5 పచ్చదనం కల – దాని మూల్యం

గ్రహశాస్త్రవేత్త పార్డాట్ కైన్స్ ఫ్రెమెన్‌లకు ఒక కల నేర్పుతాడు. గాలిలోని తేమను ఒడిసిపట్టి, గుప్తంగా నిలవచేసి, గడ్డి నాటి, తరాల తరువాతనైనా అరాకిస్‌ను పచ్చగా చేయాలన్నది ఆ కల. గుక్కెడు నీటికోసం అల్లాడే ప్రజలకు ఇంతకన్నా న్యాయమైన కోరిక ఏముంటుంది? మన నేలలోని కరువు సీమల్లో పెరిగినవారికి ఈ కోరికను ఎవరూ వివరించనక్కరలేదు.

కానీ 14.3లోని చక్రాన్ని దీని పక్కన పెట్టి చూడండి. నీరు పెరిగితే పురుగు చస్తుంది. పురుగు చస్తే మెలాంజ్ ఉండదు, దైవం ఉండదు, ఆ దైవంతో ముడిపడిన ఫ్రెమెన్‌ల జీవనవిధానం ఉండదు. వాళ్లు ఏ నీటికోసం ప్రార్థిస్తున్నారో ఆ నీరే వాళ్ల దైవాన్ని చంపుతుంది. మొదటి నవలలో పాల్ కొంత భాగాన్ని ఎడారిగానే ఉంచుతానని ఒక రాజీమార్గం చెబుతాడు. 'చిల్డ్రన్ ఆఫ్ డ్యూన్' (1976)లో ఎడారి కుంచించుకుపోవడం మొదలవుతుంది. 'గాడ్ ఎంపరర్ ఆఫ్ డ్యూన్' (1981) నాటికి గ్రహం పచ్చబడింది. ఫ్రెమెన్‌లు తమ పాత ఆచారాలను ప్రదర్శనశాలలోని వస్తువుల్లా నటించి చూపే మనుషులయ్యారు.

మొదటి నవలలోనే ఒక సన్నివేశం ఈ ఫలితాన్ని సూచిస్తుంది. పార్డాట్ కొడుకు లియట్ కైన్స్‌ను శత్రువులు నీళ్లు లేకుండా ఎడారిలో వదిలేస్తారు. అతని కాళ్లకింద మెలాంజ్ పక్వానికొచ్చి ఇసుక పేలుతుంది. గ్రహాన్ని అందరికన్నా బాగా ఎరిగినవాడు, తాను అధ్యయనం చేసిన ప్రక్రియ చేతిలోనే మరణిస్తాడు. నేలను మార్చాలనుకునేవారికి ఆ నేల లొంగి ఉండదని రచయిత ఉపన్యాసం ఇవ్వకుండానే చెప్పాడు.

ఇది కల్పనకే పరిమితమైన సంగతి కాదు. ఒరెగాన్ తీరంలో ఇసుకను ఆపడానికి నాటిన యూరప్ జాతి గడ్డి అనుకున్నదానికన్నా ఎక్కువగా అల్లుకుపోయింది. బహిరంగ ఇసుకలో గూడు పెట్టుకునే పిట్టలకు, స్థానిక మొక్కలకు చోటు తగ్గింది. ఇప్పుడు ఆ గడ్డిని కొన్నిచోట్ల తొలగిస్తున్నారు.

14.6 పరిమితులు

మొదటిది, విశ్వసనీయత. అంత పెద్ద శరీరం ఇసుక రాపిడిని తట్టుకుని అంత వేగంగా కదలడం, సూక్ష్మజీవుల తిండితో బతకడం శాస్త్రరీత్యా నమ్మశక్యం కాదు. అయితే ఊహాలోకంలోని జీవికి మనం వేయవలసిన కొలత వేరు. ఆ లోకపు నియమాలకు అది కట్టుబడి ఉందా అని చూడాలి. నీరు విషమనే నియమాన్ని రచయిత తన సౌకర్యంకోసం ఎక్కడా సడలించలేదు. ఈ విషయంలో హెర్బర్ట్ నెగ్గాడనే చెప్పాలి.

రెండవది, నిర్మాణం. జీవితచక్రంలో కీలకమైన భాగాన్ని ఆయన నవల చివరి అనుబంధంలో పెట్టాడు. అనుబంధం చదవని పాఠకుడికి ఇది ఒక రాకుమారుడి విజయగాథగానే మిగిలిపోయే ప్రమాదముంది. ఇది చిన్న లోపం కాదు.

మూడవది, అన్నిటికన్నా ముఖ్యమైనది. పురుగుతో తరతరాలుగా బతికినవారు ఫ్రెమెన్‌లు. కానీ గ్రహం భవిష్యత్తు గురించి కలగన్నది బయటినుంచి వచ్చిన కైన్స్. నిర్ణయాధికారం చేజిక్కించుకున్నది బయటినుంచి వచ్చిన పాల్. మొదటి నవల ఈ అన్యాయాన్ని చూపుతుంది గాని, పాల్ విజయోత్సాహంలో దాన్ని గట్టిగా నిలదీయదు. తరువాతి నవలల్లోనే ఆ పని జరిగింది.

14.7 సారాంశం

కల్పిత జీవి కథకు అలంకారంగా ఉండవచ్చు, మనిషికి వేషంగా ఉండవచ్చు, లేదా ఒక లోకానికి ఆధారంగా ఉండవచ్చు. ఇసుకపురుగు మూడో రకానికి చెందుతుంది. గాలి, సంపద, దైవం, ఎడారి అన్నిటికీ అదే మూలం. దాహం తీరాలన్న ప్రజల కోరిక, ఆ ప్రజలను ప్రజలుగా నిలిపిన జీవి – ఈ రెండూ కలిసి బతకలేని లోకాన్ని హెర్బర్ట్ సృష్టించాడు. ఎవరి పక్షం వహించాలో తేల్చుకోలేని స్థితిలో పాఠకుణ్ణి నిలబెట్టడమే ఈ కల్పనలోని గొప్పతనం.

14.8 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. ఈ క్రింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. 'నీతిచంద్రిక'లోని జంతువులకు, 'డ్యూన్'లోని ఇసుకపురుగుకు పాత్రపరంగా ఉన్న తేడా ఏమిటి?
2. లియట్ కైన్స్ మరణ సన్నివేశం ప్రాముఖ్యాన్ని తెలపండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. అరాకిస్‌ను పచ్చగా మార్చాలన్న కల న్యాయమైనదేనా? ఇసుకపురుగు జీవితచక్రం ఆధారంగా చర్చించండి.
2. మీకు తెలిసిన ఏదైనా జానపద కథలోనో, నవలలోనో ఉన్న కల్పిత జీవిని తీసుకోండి. దాన్ని తొలగిస్తే ఆ కథాలోకంలో ఏమేమి కూలిపోతాయో, ఏమేమి నిలుస్తాయో విశ్లేషించండి.