పగకు పట్టా ఎవరిది?

ఫ్యాక్షన్ కథ ఎప్పుడూ ఇద్దరు నాయకుల పోలికగానే మన ముందుకొస్తుంది. మొదట చంపిందెవరు, న్యాయంగా చంపిందెవరు, మాట మీద నిలబడిందెవరు అన్న చర్చలోకి ప్రేక్షకుణ్ణి దించుతుంది. కర్నూలును ఆనుకొని ఉన్న కల్లూరులోనైనా, కడప పల్లెల్లోనైనా టీవీలో ఈ సినిమాలొచ్చినప్పుడు నడిచే వాదన ఇదే: వాడు మంచోడా, వీడు మంచోడా? ఈ ప్రశ్నే ఆధిపత్య కులాలు తయారుచేసి మన చేతికిచ్చిన ప్రశ్న అని మేము భావిస్తున్నాం. ఇద్దరిలో ఎవరిని ఎన్నుకున్నా ఎన్నుకునేది నాయకుణ్ణే. వాని వెనక కొడవలి పట్టుకొని నడిచినోడు ఆ లెక్కలోకే రాడు.

రామ్‌గోపాల్ వర్మ 2010లో తీసిన 'రక్త చరిత్ర' రెండు భాగాలూ ఈ పోలిక మీదనే నిలబడ్డాయి. మొదటి భాగంలో తండ్రిని పోగొట్టుకున్న రవి వైపు మన సానుభూతి పోతుంది. రెండో భాగంలో టీవీలో పెట్టిన బాంబుకు కుటుంబాన్ని పోగొట్టుకున్న సూరి వైపు మళ్లుతుంది. ఇద్దరికీ గాయం ఉంది, గాయానికి కథ ఉంది, కథకు పాట ఉంది. తక్కెడ రెండు వైపులా సమానంగా తూగేట్టు దర్శకుడు జాగ్రత్తపడ్డాడు. అయితే ఆ తక్కెడను మోస్తున్నదెవరు? జీపుల్లో కిక్కిరిసి కూర్చున్నోళ్లు, బాంబు విసిరి తామే పడిపోయినోళ్లు. వాళ్లకు ఇల్లు లేదు, కులం లేదు, చాలామందికి పేరే లేదు.

నిజ చరిత్రలోనూ జ్ఞాపకం ఇట్లనే పనిచేస్తోంది. 2005 జనవరి 24న పరిటాల రవి హత్య, 2011 జనవరి 3న మద్దెలచెరువు సూరి హత్య అందరికీ గుర్తే. 1997 నవంబరులో హైదరాబాదు జూబ్లీహిల్స్‌లో కారుబాంబు పేలి 26 మంది చనిపోయారు. ఆ రోజు రవి బతికాడన్నదే జనానికి గుర్తుంది. ఆ 26 మందిలో ఒక్కరి పేరైనా చెప్పగలిగేవారు ఎందరు?

ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. ఈ కథల్లో పగ కూడా భూమి లాంటి ఆస్తే. తండ్రి నుంచి కొడుక్కి వారసత్వంగా వస్తుంది. కొడుకు ఎక్కడో చదువుకుంటున్నా పిలిచి మరీ అప్పగిస్తారు. మరి అనుచరుడు సచ్చిపోతే వాని కొడుకు పగ తీర్చుకున్న సినిమా ఏదైనా ఉందా? ఉండదు. భూమికి పట్టా లేనట్టే పగకూ వాళ్లకు పట్టా లేదు. వాళ్లకు వారసత్వంగా వచ్చేవి కోర్టు వాయిదాలు, లాయరు ఫీజులు, పెద్దదిక్కు లేని ఇల్లు. నాయకులిద్దరూ రాజీ పడతారు, వియ్యమందుతారు, ఒకే పార్టీలో చేరతారు. కేసులో ముద్దాయిగా ఉన్న మాదిగోడు మాత్రం వాయిదాకు బస్సెక్కుతూనే ఉంటాడు.

త్రివిక్రమ్ 'అరవింద సమేత వీర రాఘవ' (2018) కొంత మెరుగైన సినిమా. కొమ్మద్ది నారపరెడ్డికీ, నల్లగుడి బసిరెడ్డికీ మధ్య తగవు పేకాటలో ఐదు రూపాయల దగ్గర మొదలైందని చెప్పి, ఈ పౌరుషమంతా ఎంత డొల్లదో చూపించింది. భర్తల్నీ కొడుకుల్నీ పోగొట్టుకున్న ఆడోళ్ల మాట విన్నది. ఇది ఒప్పుకోవాలి. కానీ అందులోనూ యుద్ధం చేసేది ఒక రెడ్డి, ఆపేదీ ఒక రెడ్డే. శాంతి కూడా పెద్దింటి నుంచి కిందికి దిగివచ్చే దానమైపోయింది. రెండూళ్ల మాలపేట, మాదిగపేట కలిసి 'మేం రాం పో' అని ఉంటే ఫ్యాక్షన్ ఏమయ్యేది? ఆ ఊహ ఈ సినిమాకు తట్టలేదు.

కులం అంటే శ్రమ విభజన మాత్రమే కాదు, శ్రామికుల్నే విభజించడమని అంబేద్కర్ 1936లోనే 'కుల నిర్మూలన'లో తేల్చారు. ఫ్యాక్షన్‌కు ఇది అక్షరాలా వర్తిస్తుంది. కాంట్రాక్టు ఒకడిది, పదవి ఒకడిది, కత్తి ఇంకొకడిది. ఆ కత్తి పట్టినోళ్లు మళ్లీ రెండుగా చీలి, మాల మీద మాదిగ, మాదిగ మీద బోయ ఎదురెదురు నిలబడతారు.

'మరి మీవోళ్లెందుకు పోతారు?' అని అడిగేవాళ్లున్నారు. వాన రాని నేల, పని దొరకని ఎండాకాలం. అప్పు కావాలన్నా, ఆసుపత్రికి పోవాలన్నా, స్టేషన్‌లోంచి మనిషిని విడిపించుకోవాలన్నా ఆ ఇంటి గడపే దిక్కు. దాన్ని సినిమా 'విశ్వాసం' అంటుంది. ప్రాణమిచ్చే అనుచరుణ్ణి పొగుడుతుంది. మేము దాన్ని వెట్టి అంటాం.

పోలిక చెయ్యకూడదని మేమనడం లేదు. ఎక్కడ నిలబడి పోలుస్తున్నామన్నదే ప్రశ్న. కరుణకుమార్ 'పలాస 1978' (2020) శ్రీకాకుళం కథైనా రాయలసీమకు పాఠం చెబుతుంది. అక్కడా ఇద్దరు షావుకార్లున్నారు, అన్నదమ్ములు. వాళ్ల పోరులో బలంగా మారింది మోహనరావు, రంగారావు అనే దళిత అన్నదమ్ములు. కెమెరా వాళ్ల భుజం మీద నుంచి చూస్తుంది కాబట్టి షావుకార్లలో మంచోడెవరన్న ప్రశ్నే పుట్టదు. ఇద్దరూ వాడుకునేవాళ్లే అన్నది పుడుతుంది. తమ బలం తమది కాకుండా ఎట్లా పోయిందన్న ఎరుక పుడుతుంది.

కర్నూలు, కడప కథల్ని ఆ చోటు నుంచి ఇంకా చెప్పాల్సి ఉంది. నాయకుల జీవితచరిత్రలు చాలానే వచ్చాయి. ఇక రావాల్సింది జీపు వెనకసీట్లో కూర్చున్నోని చరిత్ర, వాని పెండ్లాం చెప్పే చరిత్ర. మా పరిశోధకులు ముందుగా ఆ ఇండ్లకే పోవాలి.