చెవితో ఆడే క్రికెట్

అంధుల క్రికెట్‌లో బంతి గట్టి ప్లాస్టిక్‌ది. లోపల చిన్న గుండ్లు ఉండటంతో దొర్లితే గలగలమంటుంది. బౌలర్ 'రెడీ?' అని అడిగి, బ్యాటర్ 'యెస్' అన్నాకే 'ప్లే' అంటూ చేతిని కిందినుంచి ఊపి బంతిని నేలబారుగా వదలాలి. అది పిచ్ సగం దాటకముందే ఒకసారైనా నేలను తాకాలి, లేకుంటే దాని జాడ చెవికి అందదు. అందుకే ఇక్కడ ఒంగి కొట్టే స్వీప్ షాట్‌కు అంత విలువ. పదకొండుమందిలో కనీసం నలుగురు పూర్తిగా చూపులేని బీ1 వర్గంవారు ఉంటారు. వారు బ్యాట్‌తో తీసిన ప్రతి పరుగూ రెండుగా లెక్క. దీన్ని రాయితీ అనుకోవడం పొరపాటు. వారి పరుగుల కోసం జట్టంతా ఎదురుచూసేలా చేసేది ఈ నియమమే.

ఈ ఆట బతుకును ఎలా మారుస్తుందో చూడటానికి ఒక కొలమానం ఉంది. జీవన నాణ్యతను ప్రపంచ ఆరోగ్య సంస్థ నాలుగు వైపుల నుంచి చూస్తుంది: శరీరం, మనసు, తోటివారితో సంబంధాలు, పరిసరాలు. ఆట మొదటి రెండింటికి చేసే మేలు తెలిసిందే. అనంతపురం మెట్టలో మూడోదే పెద్దది. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూఇటుగా కురిసే వాన, దాన్ని నమ్ముకున్న వేరుశనగ చేను. ఇంటిల్లిపాదీ చేనికో కూలికో పోతే చూపులేని బిడ్డ అరుగు మీదే మిగిలిపోతుంది. ఆ బిడ్డకు సాయపడేవారు ఉంటారు గాని, ఆ బిడ్డ సాయం కోరేవారు ఉండరు. జట్టులో చేరితే ఆ వరస తిరగబడుతుంది. పల్లె పిల్లలకు ఆట అందేది ఎక్కువగా ప్రత్యేక పాఠశాలల్లోనే. 1969లో విన్సెంట్ ఫెర్రర్ ఈ జిల్లాలో మొదలుపెట్టిన స్వచ్ఛంద సంస్థ ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అలాంటి బడులు నడిపింది.

అలాంటి పల్లె నుంచే వచ్చిన టి.సి. దీపికది పూర్వపు అనంతపురం, ఇప్పటి శ్రీసత్యసాయి జిల్లా అమరాపురం మండలంలో, కర్ణాటక సరిహద్దును ఆనుకున్న తంబాలహట్టి తండా. పసితనంలోనే చూపు దెబ్బతింది. 2025 నవంబర్ 23న కొలంబోలో, మహిళా అంధుల తొలి టీ20 ప్రపంచకప్ ఫైనల్లో ఆమె కెప్టెన్‌గా భారత్ 7 వికెట్ల తేడాతో నేపాల్‌ను ఓడించింది. ఆ జట్టులో అల్లూరి జిల్లా అమ్మాయి కరుణకుమారి కూడా ఉంది.

నాలుగోదైన పరిసరాలు ఆట చేతిలో లేనివి. చూపున్నవారు గుంతను దూరం నుంచే తప్పించుకుంటారు, కర్ర పట్టి నడిచేవారికి అది కర్ర దిగబడ్డాకే తెలుస్తుంది. ఆ గెలుపు తర్వాత, 2025 డిసెంబర్‌లో ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్‌ను జట్టు కలిసినప్పుడు దీపిక తన ఊరికి రోడ్డు అడిగింది. తంబాలహట్టికి రోడ్డు మంజూరైంది.